యంత్రం తలకి బొట్టు

మొన్న మా అక్క కొడుకు శ్రీకాకుళం నుంచి ఫోన్లో ఒక ఫోటో పంపి, మావా, నువ్వు వెతుకుతున్న పెట్టె ఇదేనా అని అడిగాడు. చూడగానే పోల్చుకున్నాను. నాలుగు గొంతుల్ని విడివిడిగా నాలుగు ట్రాకుల మీద పట్టే క్యాసెట్ రికార్డరు, అదీ ఎవరూ పేరు వినని కంపెనీది. మన వయసువాళ్ళలో టేప్ రికార్డరు ఎరగనివాళ్ళు లేరు గానీ ఇలాంటిది చూసినవాళ్ళు అరుదు.

వయసులో ఉన్నప్పుడు నేను విజయనగరంలో ఒక రికార్డింగు షాపులో పనిచేసేవాణ్ణి. యజమాని ఎక్కడినుంచో అచ్చం ఇలాంటిదే తెచ్చాడు. మా వైపు ఉభాల పాట, అంటే వరినాట్ల పాట, ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. ఆ అందుకోవలసిన వాళ్ళంతా నిజంగానే నాట్లకు పోవడంతో మా అక్క ఒక్కతే నాలుగుసార్లు పాడింది. నాలుగూ కలిపి మామూలు క్యాసెట్లోకి ఎక్కించేలోగా యజమాని షాపు ఎత్తేసి, యంత్రాన్ని ఎవరికో అమ్మేశాడు. ఆ యంత్రం వేగం వేరు, నాలుగు ట్రాకులూ ఒకే దిక్కున నడుస్తాయి, అందుకే ఆ టేపును ఇంట్లో మామూలు టేప్ రికార్డరులో వేస్తే ఒకవైపు అక్క మగగొంతుతో సాగదీస్తున్నట్టు, రెండోవైపు పాటను వెనకనుంచి ముందుకు పాడుతున్నట్టు వినిపించేది. కనిపించినప్పుడల్లా ఎప్పుడు వినిపిస్తావురా అని అడిగేది, నేనేమో ఇదిగో అదిగో అంటూ ఏళ్ళు గడిపాను. పోయినేడు అక్క పోయింది. ఆ తరవాత గానీ నేను గట్టిగా వెతకలేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఫోటోలోని పెట్టె ఒక బట్టల షాపువాళ్ళది. శ్రీకూర్మంలో భజనలు రికార్డు చేయించాలని ఆ ఇంటి పెద్దాయన సరదాపడి తెప్పించాడట, వాడకుండానే కాలం చేశాడట. నేను వాళ్ళింటికి వెళ్ళి మూత తీస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. అది ఎలాగూ మార్చేదే. నాకు కావలసింది హెడ్డు, టేపు రాసుకుంటూ పోయే ఆ చిన్న లోహపు ముక్క. అది అరిగిపోతే ఇక చేసేదేమీ లేదు. చూద్దును కదా, దాని నడినెత్తిన పసుపూ కుంకుమా పేరుకుని గట్టిపడి ఉన్నాయి! నాకు ఒళ్ళు మండి ఇదెవరి పని అని అడిగితే, ఆయన భార్య, పెద్దావిడ, ఏమాత్రం తగ్గలేదు.

“ఇదే హెడ్డు, తలకాయని మెకానిక్కే సెప్పినాడు బాబూ. దసరాకి తలకి బొట్టెట్టకుండా మరెక్కడ ఎడతామేటి?”

నవ్వొచ్చింది, కోపం పోయింది. కాసేపటికి ఇంకొకటి తట్టింది. బొట్టు చెక్కుచెదరకుండా ఉందంటే ఇన్నేళ్ళూ దాని మీద టేపు నడవలేదన్నమాట. స్పిరిట్ తడిపిన దూదితో ఓపిగ్గా తుడిచి, గోటితో మెల్లగా రాసి చూశాను. ఎక్కడా అరుగుదల గాడి తగల్లేదు. బేరం ఆడకుండా తెచ్చుకున్నాను.

కొత్త బెల్టు వేయించి, అక్క టేపు పెట్టి, మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ట్రాకూ విడిగా విన్నాను. మొదటి మూడూ బాగానే ఉన్నాయి. నాలుగోదానిలో రెండు చరణాల మధ్య పాట ఆగింది.

“ఒరే తమ్ముడా, గొంతెండిపోతన్నాది, గలాసుడు నీల్లు తేరా.”

వెంటనే నా గొంతే వినిపించింది, ఇదయ్యాక తెస్తాలే అక్కా, ముందు పాట కానీ అని. తరవాత తెచ్చానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మేనల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు, నేను వాడి మొహం చూడలేకపోయాను.

అప్పట్లో పాట మధ్య ఎవరైనా దగ్గితే, ఆ దగ్గు పోవాలంటే మళ్ళీ మొదటినుంచీ పాడవలసిందే. ఇప్పుడు అక్కరలేని చప్పుళ్ళన్నిటినీ ఫోనే ఏరి తీసేస్తుందట. పాట ఫోన్లోకి ఎక్కిస్తూ, ఆ మాటలు తీసేయమంటావా మావా అని మేనల్లుడు మెల్లగా అడిగాడు. కావలిస్తే పాట తీసేయరా, అది మాత్రం ఉండనీ అన్నాను.