తినొచ్చు, విత్తొద్దు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా ఊరి నర్సింలు. వరసకు మరిది. గచ్చిబౌలిలో ఒక పెద్ద భవనం గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తాడు. దసరాకు ఊరికొచ్చి మా అరుగు మీద కూర్చుని, "వదినె, మా బిల్డింగుల ఆలుగడ్డ రోగం మీదనే పరిశోధన చేస్తున్నరు. మనూళ్ల ఆకు చుట్టుకపోతున్నదని అక్కడి మేడమ్‌కు చెప్పిన. విత్తనపు గడ్డలు తెమ్మన్నది" అన్నాడు. ఆ మాట అతని నోట పలికించినందుకు ఆ పొద్దే దేవుడికి దీపం పెట్టుకున్నాను.

మాది జహీరాబాద్ దగ్గర పల్లె. ఆలుగడ్డ వేసేవాళ్లు చాలామంది విత్తనం ఉత్తరాది నుంచి తెప్పిస్తారు. మా వాడకు మాత్రం శాంతమ్మక్క ఇస్తుంది. తన చేలో ఏపుగా ఉన్న మొక్కలు చూసి గడ్డలు ఏరి, కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, విత్తే వేళకు తనే గంప ఎత్తుకుని ఇంటింటికీ పోయి ఇస్తుంది. భర్త లేని మనిషి చేతి విత్తనమేందని మొదట్లో గొణిగినవాళ్లు కూడా తర్వాత ఆ గంప కోసమే ఎదురుచూశారు. రెండు పంటల నుంచి ఆ విత్తనం పడ్డ చేలలోనే ఆకు దొన్నెలా చుట్టుకుంటోంది, గడ్డ ఊరడం లేదు. పాత గొణుగుడు మళ్లీ మొదలైంది.

ఈ ఏటి విత్తనం అప్పటికే కొన్ని ఇండ్లకు ఇచ్చేసింది అక్క, బయల్దేరే ముందు మిగిలినవాటిలోంచి ఒక సంచి నా చేతికిచ్చింది. మోకాళ్ల నొప్పితో తను రాలేదు. "నా చేతిల ఏమన్న దోషమున్నదా అడుగు చెల్లె. ఏం చెప్పినా నా దగ్గర దాయకు" అంది. మొలకలొచ్చిన గడ్డలవి. ఇల్లు దాటే విత్తనం కదా అని ఒక్కోదానికీ పసుపు రాశాను.

పొద్దటి రైలెక్కాను. కిటికీ పక్కన సీటిచ్చిన పిల్ల ఒళ్లో లాప్‌టాప్ సంచి ఉంది. నా సంచి వైపు చూసి, "ఏంది ఆంటీ, ఆలుగడ్డలా? హైదరాబాద్‌ల దొరకవనా?" అని నవ్వింది.

"వీటికి పరీక్ష ఉంది బిడ్డా."

"నాకూ ఇయ్యాల ఇంటర్వ్యూ ఉంది. ఎవరు పాసైతరో చూద్దం!"

వికారాబాద్ దాటాక ఇద్దరం నా జొన్నరొట్టె పంచుకుని తిన్నాం. చదివే మీరు కూడా గడ్డల పరీక్షకు ఇటు వస్తే లింగంపల్లిలో దిగండి, నాంపల్లి దాకా పోనక్కర్లేదు. స్టేషన్ బయటే గచ్చిబౌలి బస్సులుంటాయి. నేను బడికి పోలేదు. అమ్మ పక్కన కూర్చుని భజన పాటలు చదువుతూ అక్షరాలు నేర్చుకున్నాను. బస్సు బోర్డు చదువుకుని ఎక్కినప్పుడు అమ్మను తలుచుకున్నాను.

గేటు దగ్గర నర్సింలుతో పనిచేసే గార్డు సంచి విప్పి చూసి, "ఏం నర్సింలు, మీ వదినె కూర కూడా తెచ్చిందా?" అన్నాడు. "నీకు కాదులే, మేడమ్‌కు" అని నర్సింలు నన్ను లోపలికి తీసుకుపోయాడు.

మేడమ్ పేరు మాధవి. గోదావరి జిల్లా ఆవిడ. నాకు కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాకే సంచి విప్పింది.

"పసుపెందుకు రాశారండి?"

"ఊరు దాటుతున్నయని, బిడ్డా."

"మంచిదే. నాకు కావల్సింది మొలకే లెండి" అని గడ్డలు కడిగి, మొలకలు చిదిమి పెట్టుకుంది. చదివే మీరెవరైనా తీసుకుపోతే నాలా ఏమీ రాయకండి, పొడి కాగితంలో చుట్టండి. ఫలితం మర్నాటికి గానీ తెలియదంది మేడమ్. ఆ రాత్రి నల్లగండ్లలో నర్సింలు ఉండే గదిలోనే ఉన్నాను. అతని భార్య పప్పుచారు చేసి, మంచం నాకిచ్చి తను కింద పడుకుంది. ఆ ఇల్లు చల్లగా ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం మాధవిగారు పొంగనాల పెనంలా చిన్నచిన్న గుంటలున్న పలక ముందు నన్ను కూర్చోబెట్టింది. మొదటి వరుస రోగం లేని గడ్డది, తర్వాతివి మావి అంది. నీళ్లలాంటి మందు పోసింది. మొదటి వరుస నీళ్లలాగే ఉండిపోయింది. మావి ఒక్కోటే పసుపుపచ్చగా తిరిగాయి. నా కళ్లు చెమ్మగిల్లాయి. చేతులు జోడించి, "నీ కడుపు చల్లగుండ, శుభమైంది బిడ్డా" అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు జరుపుకుంది. "అమ్మా, ఇక్కడ పసుపు రంగొస్తే రోగం ఉన్నట్టండి."

జోడించిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. "నేను రాసిన పసుపేమో?"

"కాదండి. అందుకే కడిగి మొలక మాత్రమే తీసుకున్నాను. ఇది వైరస్. విత్తన గడ్డలోనే దాక్కుంటుంది. పేనుబంక అనే చిన్న పురుగు పక్క మొక్కకు మోస్తుంది. పురుగుకు మందుంది, దీనికి లేదు. మంచి విత్తనం తెచ్చుకోవడమే దారి."

"మా అక్క చేతి దోషమా?"

"చేతిలో ఏముంటుందండి? ఏపుగా కనిపించే మొక్కలో కూడా ఉండొచ్చు. కంటితో ఏరితే ఎవరికీ తెలియదు. ఈ గడ్డలు తినొచ్చు, మనుషులకేం కాదు. విత్తొద్దు."

ఆ రెండు మాటలూ దారి పొడుగునా అనుకుంటూ స్టేషన్‌కు వచ్చాను. సాయంత్రం రైలు కదిలాక అద్దాల భవనాల్లో దీపాలు వెలిగాయి. ఇంత వెలుగులో ఎవరో ఒకరు మా చేల రోగం గురించి కూర్చుని ఆలోచిస్తున్నారంటే కృతజ్ఞతగా ఉంది. ఆ ఇంటర్వ్యూ పిల్లయినా పాసై ఉండాలనుకున్నాను. తర్వాత అక్కకు ఫోన్ చేసి, దాయకుండా అంతా చెప్పాను.

"నేను పంచిందే ఊరికి చుట్టుకున్నదన్నట్టు" అంది అక్క.

"నీ చేతిది కాదన్నదక్కా. ఎవరికీ కనపడదట."

"తినొచ్చన్నదా?"

"తినొచ్చన్నది."

"అయితే గుడిల వండిపిస్త. ఇచ్చిన ఇండ్లకు నేనే పోయి చెప్త, విత్తొద్దని. ఇప్పుడే పోత."

"ఏమంటరో ఏందో. మోకాళ్లు గూడ నొస్తయి. రాత్రికి నేనొస్త, పొద్దుగాల ఇద్దరం పోదం."

"అననీ. ఇచ్చేటప్పుడు నేనే పోయిన గద. ఇయ్యాల గంప బరువు గూడ లేదు, చెల్లె."

చదివిన మీకు ఒక్కటే మనవి. మీ ఇంట ఆలుగడ్డ కూర పొయ్యి మీదికెక్కిన పూట, ఉత్త చేతులతో ఇంటింటి గడపా ఎక్కిన మా శాంతమ్మక్కను ఒక్కసారి తలుచుకోండి.