జువ్వలదిన్నె పడవ మీది తెల్ల డబ్బా

పొద్దున ఏడింటి ప్యాసింజరు నెల్లూరులో ఎక్కాను. జువ్వలదిన్నె వెళ్లేవాళ్లు బిట్రగుంటలో దిగి ఆటో పట్టుకోవాలి.

నాది విహారయాత్ర కాదు. మద్రాసులో మా తమ్ముడి ల్యాబువాళ్లు తయారుచేసిన, నడిసముద్రంలోనూ కబుర్లు పంపి అందుకునే శాటిలైట్ పెట్టెను పరీక్షకోసం సలోమి వాళ్ల పడవకు బిగించారు. సలోమి మా పక్కింట్లో పెరిగిన పిల్ల. పడవలో ఉన్నది ఆమె భర్త ఏసోబు. రేవు దాటిన రోజు నుంచే పెట్టె పలకలేదు. తర్వాత వాయుగుండం పట్టింది. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. ఇది అన్నిటికంటే లోపలికి పోయింది, ఇంకా రాలేదు. మామూలు వైర్‌లెస్ అంతదూరం అందదు. తమ్ముడు రాలేనన్నాడు, పెట్టె ఎందుకు పలకలేదో చూసి రమ్మని నన్ను తోలాడు.

ఎదురుసీటు రొయ్యల వ్యాపారికి అంతా కావాలి. పెట్టె లేజర్లతో పనిచేస్తుందని చెప్పాను. "లేజరంటే లైటు గదమ్మా, దాంతో రేడియో ఏంది?"

"గోరంత చిప్పు మీద రెండు లేజర్లయ్యా. రెంటి వెలుగు రంగులో వెంట్రుకవాసి తేడా. రెండూ కలిస్తే ఆ తేడాలోంచి రేడియో సిగ్నల్ పుడుతుంది, ఉపగ్రహానికి పోతుంది."

"పోయిందా మరి?"

"పోతే నేనీ రైలెందుకు ఎక్కుతాను?"

ఆయన కిటికీవైపు తిరిగాడు.

బిట్రగుంటలో జల్లు, నీళ్ల టీ. ఆటోలో ఐసుపెట్టెల మధ్య కూర్చుని రేవు చేరాను. సలోమి గట్టుమీదే ఉంది.

"పెట్టె ఏమన్నా చెప్పిందా అక్కా?"

బయల్దేరినప్పటి ఫొటో చూపించమన్నాను. వేటనిషేధం అయ్యాక పడవకు రంగులేసి, ప్రార్థన చేయించి తీసిన ఫొటో. పైనున్న మా పెట్టె, తెల్లగా ఉండాల్సిన డబ్బా, కొత్త స్టీలుగిన్నెలా మెరుస్తోంది.

"ఉప్పుగాలికి పాడవకూడదని నేనే సిల్వర్ పెయింటు పూసినా, రెండు కోట్లు."

"అందులో ఉండేది అల్యూమినియమే! సిగ్నల్‌కు గోడ కట్టావు గదే. ఎవరు పూయమన్నారు?"

"పూయొద్దని ఎవరు చెప్పినారక్కా?"

ఎవరూ చెప్పలేదు. స్విచ్చి వేయడం మాత్రం నేర్పి పోయారు.

"అయితే ఆయనకేం కాలేదేమో! రంగు వల్లే పలకలేదేమో!" అని నా చెయ్యి పట్టుకుంది. అంతలోనే పట్టు సడలింది. "గాలొస్తా ఉందని మీవాళ్లు పంపిన కబురు... అదీ అందలేదా?"



సాయంత్రం బండిలో ఉండగా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "భలే పట్టావక్కా! తర్వాతిసారి రంగు పూయొద్దని స్టిక్కరు వేస్తాం."

"ముందు ఈసారి పోయినవాళ్లను రానీరా," అని పెట్టేశాను.

రేవు చూడదగ్గదే, పొద్దున్నే వెళ్తే మంచి చేపలూ దొరుకుతాయట. నేను చూసింది మాత్రం వరసగా కట్టిన పడవల మధ్య ఒక పడవ పట్టేంత ఖాళీ.