ఆయన్నే అడగాలన్న సోయి

నా చదువే నా పరువు ఎట్ల తీసిందో చెప్త. నవ్వుండ్రి గని జెర మెల్లగ.

అప్పట్ల నేను మానవశాస్త్రంల ఎమ్మే చదువుతున్న. వైకల్యం మనిషి ఒంట్లె ఉండదు, చుట్టున్నోళ్లు చూసే తీరుల ఉంటదని పరీక్షల పేజీలకు పేజీలు రాసి క్లాసుల ఫస్టొచ్చిన. గా జ్ఞానమంత మోసుకొని, కొత్త అల్లుని లెక్క ఇస్త్రీ అంగి తొడుక్కొని, ప్రాజెక్టు కోసం ఇస్నాపూర్ల దిగిన.

అక్కడ యూసుఫ్ భాయ్‌ది ఫ్యాన్లకు వైండింగ్ చేసే దుకాణం. ఆయనకు కండ్లు కనవడవు. రాగితీగ చుట్లు వేళ్లతోనే లెక్కవెడ్తడు. కిరాయి రూములల్ల ఉండే కంపెనీ పనోళ్ల ఫ్యాన్లన్నీ ఆయన చేతి చలవతోనే తిరుగుతయి. గల్లపెట్టె కాడ ఆయన భార్య రెహానా బేగం కూసుంటది.

నేను సక్కగ ఆమె ముంగటికి పోయి అడిగిన: "మీ ఆయనకు ఎప్పటిసంది గిట్ల?"

"పదేండ్ల సంది," అన్నడు యూసుఫ్ భాయ్, తీగ చుట్టుకుంటనే.

రాసుకొని, నిజమేనా అని ఆమెను అడిగిన. ఆమె పెదవి కొరుక్కున్నది. పాపం, దుఃఖం అనుకొని అది గూడ రాసిన. నవ్వు ఆపుకుంటున్నదని నాకేం ఎరుక? ఆయన ఏం తింటడు, బజారుకు ఎట్ల పోతడు, ఆఖరికి ఆయన మనసుల ఏమున్నది, అన్నీ గంటసేపు ఆమెనే అడిగిన.

యూసుఫ్ భాయ్ తీగ పక్కకువెట్టి భార్య దిక్కు తిరిగిండు. "రెహానా, ఈ సారు చాయ్ తాగుతడా? చక్కెర అరుగుతదా? జెర అడుగు."

"తాగుతనని చెప్పుండ్రి," అన్న నేను, ఆమెతోనే.

ఫోన్ల రికార్డు చేసుకున్న ఆ మాటలన్నీ, ప్రాజెక్టు చూసే మా మేడంకు వినిపించిన. విన్నంక ఆమె, "వైకల్యం చూసే తీరులో ఉంటుందని రాశావు కదా, రుజువు కూడా నువ్వే తెచ్చావు," అన్నది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు. నాకు మర్యాద గూడ పోయింది.

తెల్లారి మాఫీ అడగనీకి ఉరికిన. బస్సుల పొడుగూత మాటలు వల్లెవేసుకున్న. దుకాణం ఎక్కి, చేతులు జోడించి, నోరు తెరిచిన.

"బేగం, భాయ్‌ని మాఫ్ చెయ్యమని చెప్పుండ్రి."

ఈసారి రెహానా బేగం నవ్వు ఆపుకోలె. యూసుఫ్ భాయ్ మాత్రం సల్లగ అన్నడు: "పోనీ రెహానా, కూసొమ్మను. మంచోడే. ఎవరితోని మాట్లాడాల్నో ఒక్కటే కనవడదు పాపం."

గా రాగితీగ మీద చెయ్యివెట్టి ఒట్టేసిన: మనిషి ఎదురుంగ ఉండంగ ఆయన సంగతి ఇంకోళ్లను అడగ. గా ఒట్టు మీద నిలవడ్డనా లేదా అంటరా? మా ఇంటామెను అడుగుండ్రి.