వేడిగదిలో జానెడు తలుపు

పరిశోధనశాల వెనకున్న గాజుగదిలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా తాత్కాలికమే. పరిశోధన విద్యార్థులు ‘అత్తా’ అంటారు. పెద్దసారు ‘ఏమ్మా’ అంటాడు. అంతకంటే గౌరవానికి కేటాయింపు లేదు కాబోలు.

గదిని నలభై మూడు డిగ్రీలకు వేడెక్కించి, తలుపు మూసుకుని, గంటసేపు లోపలే ఉండి, అరవై కుండీల్లోని ఆకుల వేడి కొలిచి రాసుకోవడం ఆమె పని. ఆకుకు వేడి దెబ్బ తగిలితే అందులోని పచ్చటి రేణువులు కణం మధ్యనున్న కేంద్రకానికి కబురు పంపుతాయట. ఆ కబురు సవ్యంగా చేరాలంటే విటమిన్ ఇ కాపలా ఉండాలట. నిజమో కాదో తేల్చడానికి సగం కుండీల్లో విటమిన్ ఇ తయారుచేసుకోలేని మొక్కలు పెట్టారు. అవి ముందుగా వాడిపోవాలి. వాడలేదు.

పెద్దసారుకు నేలమీద కాలు ఆగలేదు. కాపలా లేకపోయినా కబురు చేరుతోందని వ్యాసం రాసిపారేశాడు.

అసలు సంగతి ఆమెకొక్కతెకే తెలుసు. విటమిన్ లేని ఆ కుండీలు తలుపు పక్క బల్ల మీద ఉంటాయి. ఊపిరాడనప్పుడల్లా ఆమె తలుపు జానెడు తెరిచి మొహం బయట పెట్టేది. చల్లగాలి ముందు ఆ మొక్కలకే తగిలేది. తలుపు తెరిస్తే పనిలోంచి తీసేస్తామని తలుపు మీదే రాసి ఉంది. ఆమె నోరు కుట్టేసుకుంది. కాసేపు బయట కూర్చోనివ్వమని ఆమె పెట్టుకున్న నాలుగు అర్జీలూ సూపర్‌వైజరు సొరుగు దాటలేదు. ఆకులో కబురు ఎక్కడ ఆగిందో వెతకడానికి ఏడుగురు డాక్టరేట్లున్నారు. సొరుగులో ఆగినదాన్ని వెతికే నాథుడు లేడు.

“మొక్కలకి జ్వరం చూస్తే నీకు జీతం, నీకు జ్వరమొస్తే జీతం కోత. బాగుందే అమ్మా మీ సైన్సు!” అంటుంది కుట్టుపని చేసే కూతురు.

తనిఖీకి ఇద్దరు పెద్దమనుషులు వచ్చిన రోజు పెద్దసారు గాజుగదిలో నిలబడి ఛాతీ విరిచాడు. “ఎంత గట్టిగా తట్టుకుంటున్నాయో చూశారా? వచ్చే నెల నుంచి నలభై ఎనిమిదికి పెంచుతున్నాం.”

ఆమె నలభై మూడుకే రెండుసార్లు కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ప్రాణం పోతే?

“అవి తట్టుకోలేదు సార్. నేనే తట్టుకోలేక తలుపు తెరిచా. రోజూ.”

పెద్దసారు మొహం కందగడ్డయింది. “ఈవిడకేం తెలుసండీ! గంటసేపు ఉండటం కూడా ఒక కష్టమా?”

“కాదనుకుంటే ఇవాళ మీరూ ఉండండి సార్. తలుపు మూస్తాను.”

తనిఖీకి వచ్చిన ఇద్దరిలో పెద్దాయన నవ్వాడు. “ఉందామండీ, అదెంత పని?”

ఆమె తలుపు మూసి, ఎప్పటిలాగే మొదటి కుండీ దగ్గర మొదలుపెట్టింది. ఐదో నిమిషానికి ముగ్గురూ కోట్లు విప్పారు. తొమ్మిదో నిమిషానికి నవ్వు ఆగిపోయింది. పన్నెండో నిమిషానికి పెద్దాయన గోడ పట్టుకుని కిందకి జారిపోతుంటే, పెద్దసారే పరుగున వెళ్ళి తలుపు బార్లా తెరిచాడు.

“ఇంకా పదహారు కుండీలే అయ్యాయి సార్,” అంది ఆమె.

ఆమెను తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తలుపు తెరిచినవాడిని తీసేయాలంటే ముందు పెద్దసారు పోవాలి మరి. వ్యాసం వెనక్కి వచ్చింది, ప్రయోగం మళ్ళీ మొదలైంది. వారానికి ఉత్తర్వు దిగింది: ‘మనుషుల ఒంటివేడి వల్ల మొక్కల కొలతలు దెబ్బతినకుండా, పది నిమిషాలకు మించి ఎవరూ లోపల ఉండరాదు. మధ్యలో అరగంట బయట గడపవలెను.’

“చూశావా, అది కూడా మొక్కల కోసమేనంట!” కూతురు మండిపడింది.

“ఎవరి పేరున ఇస్తేనేం లేవే,” అంటూ ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. “రేపు మిగతా వేడిగదుల్లో పనిచేసేవాళ్ళకీ చూపించాలి. వాళ్ళ దగ్గరైతే సాకు చెప్పడానికి మొక్కలు కూడా లేవు, ఉత్త కొలిమే.”