ఆపమన్నది నేనే

నా చిన్నప్పుడు మా వీధిలో మగవాళ్ళు గొంతు చించుకుని అరుచుకుంటున్నారంటే అది పొలం గట్టు గురించో ఇంటి గోడ గురించో అయ్యేది కాదు, ఫుట్‌బాల్ గురించే అయ్యేది. మాది ఆదోని. మా నాయన పత్తి మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం మిల్లు కూత వినబడగానే తలనిండా దూదితో బయటికి వచ్చి, మొహమైనా కడుక్కోకుండా మైదానానికి పోయేవాడు. మిల్లు జట్టు అక్కడ ఆడుతుండేది. ఆ జట్టుకు గోల్‌కీపరు మా చిన్నాయన, అంటే నాయనకు సొంత తమ్ముడు. పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు.

ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళ జట్టు చేతిలో మేము ఏటా ఓడిపోయేవాళ్ళం. ఆదోని మనిషి ఎమ్మిగనూరు సంతకు పోతే అక్కడి అంగళ్ళవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. "ఏమప్పా, ఈసారన్నా ఒక గోలు కొడతారా లేదా?" అని పలకరించేవాళ్ళు. ఆ మాట పడలేక నాయన రెండేళ్ళపాటు ఆ సంతకు పోవడమే మానుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆ పోటీ మా ఊళ్ళోనే జరిగింది. ఆడపిల్లలు ఆట చూడడానికి పోయే అలవాటు లేకపోయినా, నేను ఏడ్చి మొత్తుకుని నాయన వెంట పోయాను. రెండో సగం మొదలైనప్పుడు చిన్నాయన నన్ను తన గోలు వెనకాల కూర్చోబెట్టి, "ఈడే ఉండు పాపా, కదలొద్దు" అన్నాడు.

ఆ రోజు రెఫరీ మా బడి డ్రిల్లు సారు. మా ఇంటి పక్కనే ఉండేవాడు. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళకు అప్పటికి పిల్లలు లేరు. ఆదివారాలు నేను సగం రోజు వాళ్ళింట్లోనే గడిపేదాన్ని. అక్క బొరుగులతో ఉగ్గాని చేస్తే నా కోసం ఒక గిన్నెలో తీసిపెట్టేది. తన పుట్టిల్లు ఎమ్మిగనూరని, వాళ్ళ నాయన మగ్గం నేస్తాడని, పడుగు పోసే రోజు వీధివీధంతా రంగు దారాలతో నిండిపోతుందని నాకు ముచ్చటగా చెప్పేది. ఆ సంగతి మా వీధిలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ ఏడు వానలు లేవు. కోసిగి వైపు ఊళ్ళ జనం అప్పటికే మూటలు సర్దుకుని పనుల కోసం వలస పోతున్నారు. రెండు నెలలుగా అందరూ మబ్బు కోసం మొహం వాచి ఉన్నారు. ఆ మబ్బు సరిగ్గా ఆ సాయంత్రమే పట్టింది.

అప్పటికి మేము రెండు గోల్స్ కొట్టాం, వాళ్ళు ఒకటి కొట్టారు. ఇంకో పన్నెండు నిమిషాలు గడిస్తే గెలుపు మాది. మొదట చినుకులు పడ్డప్పుడు జనం ఈలలు వేశారు. ఆ తరువాత పడింది వాన కాదు, కుండలతో కుమ్మరించినట్టే. నల్లరేగడి నేల ఎంతసేపు ఆగుతుంది? బంతిని తన్నితే రెండడుగులు కూడా దొర్లకుండా బురదలో కూరుకుపోయింది. ఎమ్మిగనూరు కుర్రవాడొకడు జారిపడి చేయి పట్టుకుని లేవలేకపోయాడు. కొండ మీద పిడుగు పడింది. సారు పొడుగ్గా విజిల్ ఊది, రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపాడు. ఆట రద్దు. వచ్చే ఆదివారం మళ్ళీ మొదటి నుంచి ఆడాలి.

ఆ నిమిషం ముందువరకు ఆ జనమంతా ఒకరికొకరు గొడుగు పట్టుకున్నవాళ్ళు. "వాన తగ్గినాక ఆ పన్నెండు నిమిషాలు ఆడించు సార్" అని కొందరు బతిమాలారు. నేల చూడండి, వెలుతురు చూడండి అని సారు చెప్పబోయాడు. "మొదటినుంచి ఎందుకు ఆడాల? మా రెండు గోల్స్ యాడికి పాయె?" అని వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. అటు ఎమ్మిగనూరు నుంచి లారీలో వచ్చినవాళ్ళు చప్పట్లు కొడుతూ, వానదేవుడు తమ వాడేనని ఎగతాళి చేశారు. మా నాయన తడిసిన తువ్వాలును నేలకేసి కొట్టాడు. రెండు నెలలుగా వాన కోసం మొక్కిన నోళ్ళే ఆ వానను తిట్టరాని తిట్లు తిట్టాయి.

నాకు ఏడుపు రాలేదు. చెవులు వేడెక్కేంత కోపం వచ్చింది. నా పక్కన మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసే పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. "ఊరికే ఆపలేదు వీడు. ఏందో ఉంది దీంట్లో" అని ఆయన పళ్ళు కొరుకుతుంటే నేను అన్నాను: "సారోళ్ళ అత్తగారిల్లు ఎమ్మిగనూరే."

ఆయన కిందికి వంగి, "ఏమంటివి? మళ్ళీ సెప్పు" అన్నాడు. నేను మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంకొంచెం గట్టిగా, గర్వంగా కూడా చెప్పాను. పెద్దవాళ్ళు నా మాట వినడం అంతకు ముందెప్పుడూ లేదు.

ఆ మాట ఆ మైదానంలో ఎట్లా పాకిందో ఈ కళ్ళతో చూశాను. బాయిలరు ఆయన ముందున్నవాళ్ళకు చెప్పాడు. "వాళ్ళ మామ మగ్గాలోడంట" అని ఒకరన్నారు. అవతలి గట్టుకు చేరేసరికి, "సొంత బామ్మర్దే ఆ జట్లో ఆడతాండాడంట" అయింది. అంతసేపూ అరుస్తూ నిలబడ్డ జనం ఒక్కసారిగా కదిలింది. సారు చొక్కా చిరిగింది. ఎవరో ఆయన మెడలో విజిల్ తాడు పట్టుకుని లాగారు. ఆయన ఎట్లాగో తప్పించుకుని, ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే రేకుల గదిలోకి దూరాడు. బయట ఉన్న ఆయన సైకిలును పైకెత్తి రాళ్ళ మీద వేశారు. ఆ గుంపు ముందు వరసలో మా నాయన ఉన్నాడు.

అప్పుడు చిన్నాయన బురద కాళ్ళతో వచ్చి ఆ గది వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"సారును ఏమీ అనాకండి. ఆపమన్నది నేనే" అన్నాడు. "వానకు కండ్లు తెరవలేకపోతిని. బంతి కనపడలే. ఇంగ రెండు గోల్స్ పడతాయని భయమేసి, నేనే పొయ్యి ఆపు సార్ అని అడుక్కుంటి."

లోపలి నుంచి సారు ఏదో చెప్పబోయాడు. చిన్నాయన వెనక్కి తిరగకుండానే చేత్తో తలుపు దగ్గరికి లాగేశాడు.

మా నాయన ముందుకు పోయి తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. "ఊరి పరువు తీసినావు గదరా" అన్నాడు. ఇంకొకరు ఉమ్మారు. ఇంకొకరు పిరికివాడన్నారు. పరాయి మనిషి మీదైతే ఆ కోపం ఎంతవరకు పోయేదో తెలియదు. సొంత గోల్‌కీపరు మీద కాబట్టి తిట్లతో అయిపోయింది. మెల్లగా అందరూ కదిలిపోయారు.

నేను మాత్రం కదలలేకపోయాను. రెండో సగమంతా నేను ఆ గోలు వెనకాల ఆరడుగుల దూరంలో ఉన్నాను. చిన్నాయన ఒక్కసారి కూడా గోలు వదిలి సారు దగ్గరికి పోలేదు.

ఆ రాత్రి నుంచే ఆయన మా ఇంట్లో లేడు. మిల్లు వెనకాల స్నేహితుడి గదికి మారాడు. ఇంట్లో ఆయన పేరెత్తవద్దని నాయన ఆన పెట్టాడు.

మర్నాడు పొద్దున నేను అలవాటుగా అక్క ఇంటికి పోయాను. అక్క గడప దగ్గర కూర్చుని సారు చొక్కాకు టాకాలు వేస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి దారం కొరుకుతూ, "మా పుట్టింటి సంగతి వాళ్ళకెట్ల తెలిసిందో ఏమో పాపా. ఈ ఊర్లో నేనెవురికీ సెప్పలేదే" అంది. నన్ను అడగలేదు, తనలో తాను అనుకున్నట్టే అంది. నన్ను ఆ 'ఎవురికీ'లో ఆమె లెక్కలోకే తీసుకోలేదు. నేను అక్కడి నుంచి పరుగెత్తాను.

నేరుగా చిన్నాయన దగ్గరికి పోయాను. "నువ్వు గోలు వదిలి యాడికీ పోలేదు గదా. ఎందుకట్ల సెప్పినావు?" అని అడిగాను.

"సారును సంపేటట్లుండ్రి పాపా. నన్నయితే రెండు తిట్టి వదిలేస్తారని" అన్నాడు. ఆ చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

అప్పుడు నేను చేసింది చెప్పాను. అన్న చేత దెబ్బ తిన్నప్పుడు కూడా ఆయన మొహంలో కోపం లేదు. ఇప్పుడు వచ్చింది. నేను భయపడి, "నేను అబద్ధం సెప్పలేదు చిన్నాయనా, నిజమే గదా" అన్నాను.

"నిజమే. మరి ఆట మొదలుకాకముందు ఎందుకు సెప్పలే? మనం రెండో గోలు కొట్టినప్పుడు ఎందుకు సెప్పలే?" అన్నాడు. "ఎవుర్ని కొడదామా అని కట్టె కోసం ఎతుకుతాండే వాని చేతికి కట్టె అందిచ్చినావు పాపా. అది దొంగ కట్టె కాదు, మంచి కట్టే. అయితే ఏం?"

నాయనకు చెప్పేస్తానంటే, కోపం దిగేదాకా ఆగమన్నాడు.

ఆ తరువాతి ఆదివారం మళ్ళీ ఆడారు. రెఫరీగా వేరే ఊరి నుంచి ఎవరినో పిలిపించారు. చిన్నాయనను జట్టులోకి తీసుకోలేదు. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. దానికి కూడా తిట్లు ఆయనకే పడ్డాయి. ఆ సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చుని ఇంకా తమ్ముణ్ణే తిడుతుంటే నాకిక ఆగలేదు. మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను.

నాయన కంచంలో చేయి కడిగేసి లేచాడు. నేనూ ఆయన వెనకే పోయాను. మిల్లు వెనక గది తలుపు కొట్టి తమ్ముణ్ణి చూడగానే, "నా చేత కొట్టించుకుంటివి గదరా. ఒక్క మాట నాతో సెప్పేదానికి నీకు నోరు లేదా?" అని అరిచాడు.

"సెప్పింటే వింటాంటివా అన్నా? అందరికన్నా ముందుంటివి గదా" అన్నాడు చిన్నాయన.

నాయన ఆ గడప మీదే కూలబడ్డాడు. నాయన ఏడవడం నేను చూడడం అదే మొదలు. తమ్ముణ్ణి ఇంటికి పిలుచుకొచ్చాడు. మర్నాడు సారు సైకిలును భుజాన మోసుకుపోయి బాగుచేయించి వాళ్ళ వాకిట్లో నిలబెట్టాడు. సారు ఆ సైకిలు తీసుకున్నాడు గానీ మళ్ళీ ఎప్పుడూ మైదానంలోకి రాలేదు. ఆ ఏడు గడవగానే బదిలీ అడిగి దేవనకొండ వైపు వెళ్ళిపోయారు. సామాను బండికెక్కించేటప్పుడు అక్క నా తల నిమిరింది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

పెళ్ళయి నేను ఎమ్మిగనూరుకే కాపురానికి వచ్చాను. అక్క పుట్టిల్లు ఏ వీధో నాకు తెలుసు. ఎన్నో సార్లు ఆ దారిన పోయాను, ఆగలేదు. నాకు కోపం ఇప్పటికీ ఎక్కువే. కోపం రావడం తప్పని చిన్నాయన నాకు నేర్పలేదు. కోపంగా ఉన్నప్పుడు నోటి దాకా వచ్చిన నిజాన్ని మాత్రం, ఇది ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది అని ఒకసారి అడిగి గానీ బయటికి పోనివ్వను. దానివల్ల చాలామంది నేను మంచిదాన్ననుకుంటారు. ఎందుకో వాళ్ళకు తెలియదు.

పోయిన నెల మా మనవడు, వాడి స్నేహితులు ఫోను ముందు కూర్చుని ఎక్కడో దూరదేశంలో జరుగుతున్న ఫుట్‌బాల్ ఆట చూస్తున్నారు. వాళ్ళు మెచ్చిన జట్టు గెలవబోతుండగా వాన కుండపోతగా పడి ఆట ఆపేశారు. వాళ్ళు మంచం కోళ్ళు తన్ని రెఫరీని తిట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి మా వాడు, "దొరికినాడ్రా. వీని పెండ్లాంది అవతలి జట్టోళ్ళ ఊరే" అంటూ గబగబా ఫోనులో అందరికీ కనబడేట్టు రాసి పెట్టడం చూశాను.

"అది నిజమేనా నాయనా?" అని అడిగాను.

"నిజమే అవ్వా. ఫోటోలు గూడా ఉండాయి."

"మరి నిన్న ఎందుకు రాయలే?"

వాడు తలెత్తి చూశాడు. నేను పక్కన కూర్చుని, ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పనిదంతా చెప్పాను. వాడి కోపం పూర్తిగా పోలేదు గానీ, రాసినదాన్ని తీసేశాడు.

"తీసేసినాలే అవ్వా" అన్నాడు. "నలభై మంది గూడా చూసిండరు."

"నేను చెప్పింది ఒక్కరికే" అన్నాను.