పెదకాకానిలో మూడు కత్తెర్లు

మేనమామగా నాకున్న అధికారాల్లో కత్తెర ఒకటి. మా వైపు పిల్లల తలనీలాలు ఇచ్చేటప్పుడు మొదటి కత్తిరింపు మేనమామదే. ఆ తర్వాతే మంగలి చెయ్యి వేస్తాడు. గుంటూరు పత్రికాఫీసులో కూర్చుని విలేకరులు పంపిన వార్తలు కత్తిరించడమే నా ఉద్యోగం కాబట్టి, ఇంట్లోనూ అదే పని తగలడం నాకు వింతగా అనిపించలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా చెల్లెలి పెద్దబిడ్డకి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడన్నారు. నాలుగో ఏట కామెర్లు వస్తే, తగ్గాక జుట్టు పెంచి ఇస్తామని నాయనమ్మ పెదకాకాని శివుడికి మొక్కుకుంది. కామెర్లు తగ్గాయి. మొక్కు మాత్రం వెనక్కి పోతూ వచ్చింది. ఒక ఏడు వంశంలో ఎవరో పోయారు, ఒక ఏడు మా చెల్లెలు నీళ్ళోసుకుంది, ఇంకో ఏడు మిరప కోతలకి కూలీలు దొరకలేదు. మొక్కు తీరేదాకా కత్తెర తగలకూడదు. జుట్టు నడుం దాకా దిగింది. రెండు జడలు, రిబ్బన్లు, కనకాంబరాలు. అద్దంకి పక్కన వాళ్ళ ఊళ్ళో ఎవరికీ తప్పు కనపడలేదు, మొక్కు జుట్టు కదా. బిడ్డ మాత్రం తను అమ్మాయినని మాటలొచ్చినప్పటి నుంచీ చెబుతూనే ఉంది. జడల వల్ల అట్లా అంటోంది, గుండు గీయిస్తే పోతుందని పెద్దల నమ్మకం.

ముహూర్తం పెట్టగానే బిడ్డకి కడుపునొప్పి మొదలైంది. అన్నం ముట్టదు. మంగలి ఎదురింటికి వచ్చినా మంచం కిందికి దూరేది. నాయనమ్మ ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. అవి మా బావ పండించిన కాయలు. ఇంటిల్లిపాదీ దగ్గారు, కొట్టంలో గేదె కూడా దగ్గింది. దిష్టి కాదని తేలాక బిడ్డని తీసుకుని మా బావా, నాయనమ్మా గుంటూరు బయల్దేరారు. మా చెల్లెలు చంటిబిడ్డతో ఇంట్లో ఉండిపోయింది. కత్తెర నాదే కాబట్టి ఆస్పత్రికి నన్నూ రమ్మన్నారు.

పిల్లల డాక్టరమ్మ నెరిసిన జుట్టుతో, తొందర లేకుండా ఉండే మనిషి. బిడ్డని బల్ల మీద కూర్చోబెట్టి అడిగింది.

"ఎక్కడ నొప్పి?"

"కడుపులోనండి," అన్నాడు మా బావ.

"అన్నం తింటున్నావా?"

"ముట్టుకోట్లేదండి."

"నిద్ర పడుతోందా?"

"రాత్రంతా పొర్లుతానే ఉంటాడండి."

"నేనడిగేది మిమ్మల్ని కాదు."

"అవునండి," అని, తర్వాతి ప్రశ్నకి కూడా ఆయనే జవాబు చెప్పాడు.

డాక్టరమ్మ థర్మామీటరు తీసి విదిలించి, "నోరు తెరవండి," అంది.

"నాకాండీ..." అనేలోగా అది నోట్లోకి పోయింది.

"నేను తీసేదాకా కదిలించకండి. లోపల పాదరసం ఉంది."

ఈ గట్టున నిలబడి పక్కూరి వాళ్ళతో మాట్లాడగల మనిషి మా బావ. గుడ్లు మిటకరించి కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు, నొప్పి ఎప్పుడొస్తుంది?"

"గుండు మాటెత్తినప్పుడు," అంది బిడ్డ.

"జుట్టంటే అంతిష్టమా?"

"ఇష్టమే. నేను అమ్మాయిని గదా. జుట్టు పోతే ఇంకెవరూ నన్నట్టా చూడరు."

"ఇంట్లో చెప్పావా?"

"రోజూ చెప్తా. నవ్వుతారు."

డాక్టరమ్మ నవ్వలేదు. "నేను నిన్నేమని పిలవను?"

"పాపా అనండి."

"సరే పాపా, పడుకో, పొట్ట చూస్తాను." చూసి, పొట్టలో ఏమీ లేదంది.

నాయనమ్మ ముందుకు జరిగింది. "దీనికి సూది ఏవన్నా ఉందా అమ్మా?"

"దేనికి పెద్దమ్మా?"

"అదే, ఆడపిల్లనంటన్నాడు గదా."

"అది జబ్బు కాదు, సూది ఎందుకు? భయంతో తిండి మానేసింది చూడండి, దానికే వైద్యం కావాలి. బలవంతాన గుండు గీస్తే ఆ భయం ముదురుతుంది. మాన్పిస్తామని ఎవరైనా అంటే వాళ్ళ దగ్గరికి తీసుకుపోకండి."

"మరి పెద్దయితే?"

"అప్పటి మాట అప్పుడు తనే చెబుతుంది. ఇప్పుడు చెప్పేది ఇప్పుడు వినండి. అప్పుడప్పుడూ నాకు చూపించండి. ఒళ్ళు మారే వయసు వచ్చే ముందు తప్పకుండా తీసుకురండి. నాకు తెలియనిది తెలిసినవాళ్ళని అడిగి చెబుతాను."

మా బావ థర్మామీటరు వైపు వేలు చూపించాడు. ఆవిడ తీసి చూసి, "మీకు జ్వరం లేదు," అంది.

"మొక్కు సంగతేందండీ మరి? దేవుడికి ఏం చెప్పాల?"

"అది నా చదువులో లేదు. మొక్కుకున్నావిణ్ణి అడగండి."

అందరం నాయనమ్మ వైపు తిరిగాం. ఆవిడ పమిట సర్దుకుంది. "మోకాళ్ళ నొప్పులకి మొక్కుకున్నప్పుడు నేను గుండు చేయించుకున్నానా? మూడు కత్తెర్లు ఇచ్చా." మా ఆడవాళ్ళు చాలామంది అంతే. గుండుకి బదులు మూడుచోట్ల జుట్టు కొసలు కత్తిరించి ఇస్తారు.

"అది ఆడవాళ్ళకమ్మా."

"ఇందాకట్నించీ బిడ్డ చెప్పేదేందిరా మరి? గొట్టం నీ నోట్లో పెట్టింది గానీ చెవుల్లో పెట్టలేదుగా."

"మూడు కత్తెర్లకి దేవుడు ఒప్పుకుంటాడా?"

"మిర్చి యార్డులో గుప్పెడు కాయలు మచ్చు చూపిచ్చి లోడంతా అమ్మేవాడివి. ఆయనకి మచ్చు చాలదంటావా?"

మా బావ వ్యాపారం తెలిసినవాడు. "మచ్చు చూపిచ్చినాక మిగతా సరుకు తోలాలి గదమ్మా," అన్నాడు.

బిడ్డ రెండు జడలూ రెండు గుప్పిళ్ళలో పట్టుకుని వాళ్ళ నాన్న మొహంలోకి చూస్తోంది. మా బావది ఉంగరాల జుట్టు. చేలో మందు కొట్టడానికి పోతున్నా పాపిట తీసుకుని పోయే మనిషి. ఆ చూపుకి తట్టుకోలేక పాపిట ఒకసారి తడుముకుని, "సరేలే, మిగతా సరుకు నేనిస్తా," అన్నాడు.

బయటికి రాగానే బిడ్డ ఆకలన్నది. హోటల్లో ఇడ్లీ తిని, మా బావ ప్లేటులోది కూడా తిన్నది.

ముహూర్తం రోజు పెదకాకానిలో మంగలి నీళ్ళ చెంబుతో మా గుంపు ముందుకొచ్చి, "మొక్కు ఎవరిదండీ?" అని అడిగాడు.

"నాది," అంది నాయనమ్మ.

"కామెర్లు నాకొచ్చినయ్," అంది బిడ్డ.

"గుండు నాకు. కానీయ్," అని మా బావ పీట మీద కూర్చున్నాడు.

మంగలి ఆయన తల తడిపాడు. ఈలోపు నేను కత్తెర తీసుకున్నాను. బిడ్డ తన వేలి కణుపు చూపించి, "ఇంతే మావయ్యా," అంది. మూడుచోట్లా అంతకన్నా తక్కువే కత్తిరించాను.

గంధం పూసుకుని లేచిన వాళ్ళ నాన్న చుట్టూ బిడ్డ తిరిగి చూసింది.

"నీకస్సలు బాగాలేదు నాన్నా."

"ఊరుకోవే, పెరుగుద్ది," అన్నాడు మా బావ.