రంగూన్ రాక్షసుడి భుజం

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ మంచి పని చేయాలన్నా పక్కన ఒక తమాషా ఉండాల్సిందే. ఊరికే చందా అడిగితే కదలని చేతులు, ఒక మనిషి ఇంకో మనిషిని ఎత్తి కుదేస్తాడంటే మాత్రం ఠక్కున జేబుల్లోకి వెళ్ళేవి. అందుకని మిరపకాయలు అమ్ముడుపోయి రైతులు కాస్త తీరిగ్గా ఉండే రోజులు చూసి, ఏటా ఒక సాయంత్రం పత్తిమిల్లు ఆవరణలో ఫ్రీస్టైల్ కుస్తీలు పెట్టించేవారు. టిక్కెట్ల మీద వచ్చిందంతా మా మిషను ఆసుపత్రికి ఇచ్చేవారు. నేను అప్పుడు అక్కడ నర్సు ట్రైనింగులో ఉన్నాను. పంతొమ్మిదేళ్ళ వయసు, గాలి గట్టిగా వీస్తే తలుపు పట్టుకోవలసిన ఒళ్ళు. (నేను సూది చూస్తేనే పడిపోతానని, రెండో వారానికల్లా ఇంటికి వచ్చేస్తానని బడిపంతులైన మా నాన్న ధీమాగా ఉండేవారు.) ఫస్టుఎయిడ్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కుస్తీ బరి పక్కనే కూర్చోవడం నా డ్యూటీ.

నేను చెప్పబోయేది రెండో ఏటి సంగతి. మొదటి ఏడు ఏం జరిగిందో ముందు చెప్పాలి. అప్పుడు బందరు భీముడనే వస్తాదు కిందపడి కదలకపోయేసరికి పోయాడనుకుని, తాళ్ళ కింద నుంచి దూరి వెళ్ళి నాడి పట్టుకున్నాను. ఆయన ఒక కన్ను తెరిచి, "మెల్లగా వెళ్ళిపోండమ్మా, నేనింకాసేపు ఇట్లా పడుండాలి" అన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మిల్లు మేనేజరు గారు (కుస్తీలు పెట్టించేదీ ఆయనే, ఈల వేసే రిఫరీ కూడా ఆయనే) మా పెద్ద డాక్టరమ్మ గారి ముందే నన్ను నిలబెట్టి, "వాళ్ళు నిజంగా కొట్టుకోరు తల్లీ. ఎవడు ఎప్పుడు పడాలో పొద్దున్నే మాట్లాడుకుంటారు. ఇంకెప్పుడూ తాడు దాటబోకు" అని గట్టిగా చెప్పారు. మళ్ళీ ఏడు వచ్చేసరికి అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పారు. ఆ ఏడు వసూలు పిల్లల వార్డు కప్పుకి. ఆ వార్డు అప్పటికి తాటాకుల పాక. వాన మొదలైతే మంచాలు అటూ ఇటూ జరపడంతోనే మాకు తెల్లారేది.

బరికి అడుగున పత్తి, దాని మీద మిరపకాయల గోతాలు, ఆ పైన టార్పాలిన్ పరిచారు. గోతాలు దులిపే ఓపిక ఎవరికీ లేకపోయింది. దాంతో ఎవరు పడినా కారం ఘాటు గుప్పున లేచి, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులు వరసగా తుమ్మేవారు. చివరి కుస్తీ బందరు భీముడికీ రంగూన్ రాక్షసుడికీ. రాక్షసుడు బరిలోకి వస్తూనే స్టూలు తన్నాడు, జనాన్ని చూసి తొడ కొట్టాడు, "మీ గుంటూరు కారం ఇంతేనా" అని వెక్కిరించాడు. దర్శి నుంచి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళకి ఆ మాట నషాళానికి ఎక్కింది. వాణ్ణి నేలకేసి కొడితే చూసి పోదామని వచ్చిన జనం అది.

నాకు మాత్రం ఆయనంటే భయం అప్పటికే పోయింది. ఆ మధ్యాహ్నమే గిడ్డంగి వెనక నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, కడుపులో మంటకి బిళ్ళేమన్నా ఉందా" అని చేతులు కట్టుకుని అడిగాడు. ఆయనది నెల్లూరు వైపట. రంగూన్ మాట అటుంచి, అక్కడికి వెళ్ళే పడవని కూడా చూడలేదట. "మేం అరిస్తే భయపడబాకమ్మా. అరుపు మా ఆటలో సగం. నిజంగా తగిలిందంటే మాకు నోరు పెగలదు" అని కూడా చెప్పాడు.

కుస్తీ మంచి ఊపు మీద ఉండగా భీముడు ఆయన్ని నడుం పట్టి మూలకి విసిరాడు. ఆ పడడంలో ఎడమ చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంది. కారం లేచింది, ముందు వరుస తుమ్మింది, జనం ఈలలు వేశారు. రాక్షసుడు లేచి నిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. కారానికి అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఆయన అరవలేదు. ఎడమ చెయ్యి వేలాడుతోంది, భుజం గుండ్రం పోయి పలకలా ఉంది.

పక్కనున్న డాక్టరమ్మ గారి చెయ్యి పట్టుకుని, "ఆయన అరవడం లేదండీ" అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "అరవకపోతే సంతోషమేగా" అన్నారు. "కాదండీ, భుజం చూడండి" అన్నాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని చూశారు. ఈలోగా భీముడు, కారంతో సగం మూసుకుపోయిన కళ్ళతో, పొద్దున అనుకున్న ప్రకారం ఆ చేతినే పట్టి విసరడానికి వస్తున్నాడు. అలా పట్టి విసిరితే ఆ చెయ్యి ఏమవుతుందో నేను పుస్తకంలో చదివాను. ఎలా దాటానో తెలియదు గానీ, పెట్టె ఇవతల ఉంది, నేను తాడు అవతల ఉన్నాను.

జనం "దిగు దిగు" అని అందుకున్నారు. మేనేజరు గారు నోట్లోంచి ఈల తీసి, "మళ్ళీనా తల్లీ" అన్నారు, ఏడుపు గొంతుతో. "భుజం తొలిగిందండీ" అన్నాను. భీముడు కళ్ళు నులుముకుని చూసి, చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే బెంచీల మీద నిలబడ్డవాళ్ళు చెప్పులు చేతిలోకి తీసుకుంటున్నారు. కుస్తీ సగంలో ఆపితే టిక్కెట్లు వెనక్కి ఇవ్వమంటారు, లేదా బరి పీకుతారు. రాక్షసుడు పళ్ళ సందున, "ఆపొద్దమ్మా. పడెయ్యమను, పడతాను" అన్నాడు. ఆ చేతితోనే.

డాక్టరమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. ఎక్కలేక, తాడు పట్టుకుని కింద నుంచే, "అమ్మాయ్, వెల్లకిలా పడుకోబెట్టు. చెప్పులు విప్పు. చంకలో మడమ పెట్టు. మణికట్టు పట్టుకో" అన్నారు. తాడిచెట్టు మీద నుంచి పడ్డ ఒకతనికి ఆవిడ అలా చేస్తుంటే చూశాను. అప్పుడు నేను చేసిందల్లా అతని కాళ్ళు పట్టుకోవడం. రాక్షసుడు చెప్పకముందే పడుకున్నాడు. ఒంటికి నూనె. చెయ్యి జారిపోతుంటే కొంగు మణికట్టుకి చుట్టాను. "లాగు. కుదపకు. నిదానంగా, వదలకుండా." వెనక్కి వాలి లాగాను. ఏమీ కదల్లేదు. జనంలో ఎవరో, "ఒరేయ్, డాక్టరమ్మ పట్లు చెబుతోందిరా" అన్నారు. అరుపులు ఆగిపోయి అందరూ మెడలు చాచారు.

నరం తెగితే ఈయన బతుకేమిటి అనే ఆలోచన వచ్చి, "ప్రభువా" అన్నాను పైకే. "ప్రార్థన చేసుకో, లాగడం మాత్రం ఆపకు" అన్నారు డాక్టరమ్మ గారు. ఉన్న బరువంతా (అదెంతని) వెనక్కి వేశాను. మడమ కింద టక్కుమంది. రంగూన్ రాక్షసుడు మిల్లు రేకులు అదిరేలా అరిచాడు.

ఆ అరుపు విన్నంత హాయిగా నేను ఏ పాటా వినలేదు. ఆయన కుడిచేత్తో టార్పాలిన్ మీద దబదబా కొట్టాడు, ఓడిపోయానని. మేనేజరు గారు ఊళ్ళో ఊరికే మేనేజరు కాలేదు. క్షణం తడుముకోకుండా ఈల వేసి, గెలిచింది నేనేనన్నట్టు నా చెయ్యి పట్టుకుని పైకెత్తారు. జనం లేచిన తీరుకి కారం ఆకాశానికి లేచింది. టిక్కెట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. రాక్షసుడు కళ్ళు మూసుకునే, "ఒక తన్ను తన్ని దిగమ్మా, ఇంకా బాగుంటది" అని సలహా ఇచ్చాడు. నాకు కాలు రాలేదు. వంగి నమస్కారం పెట్టాను. అదీ ఆటలో భాగమే అనుకుని ఇంకా చప్పట్లు కొట్టారు.

కట్టు కడుతున్నప్పుడు ఆసుపత్రిలో ఆయన చాలాసేపు వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసుకున్నాడు. "ఓడిపోవడమే నా ఉద్యోగం సిస్టరమ్మా. చెయ్యి లేకపోతే ఓడిపోను కూడా లేను. ఇంటికాడ ముగ్గురు పిల్లలు" అన్నాడు. రైలెక్కేదాకా పిల్లల వార్డులోనే కూర్చుని, ఒంటిచేత్తో వాళ్ళని ఎత్తి ఆడించాడు. వానలకి ముందే ఆ వార్డుకి కప్పు పడింది. మరుసటేడు ఆయన మళ్ళీ వచ్చాడు, చెయ్యి బాగుంది. ఒకే ఒక్క షరతు పెట్టాడట: ఫస్టుఎయిడ్ పెట్టెతో సహా నన్ను చివరి వరుసలో కూర్చోబెట్టాలని.

నాకు మాత్రం ఊళ్ళో వస్తాదు నర్సు అనే పేరు స్థిరపడిపోయింది. పెళ్ళిచూపులకి వచ్చిన ఒకావిడ నా ముఖం కన్నా నా మణికట్లే ఎక్కువ చూసింది, ఆ సంబంధం మళ్ళీ కబురు చేయలేదు. ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కాలంటే కండక్టరు చెయ్యి అందుకోవాలి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, వద్దన్న చోటికి తాడు దాటి వెళ్ళిన ఆ పిల్ల ఇవాళ బజారులో ఎదురుపడితే, ఎవరమ్మా ఈ గడుగ్గాయి అనుకుని పక్కకి తప్పుకుంటాననుకుంటాను. తప్పుకుని, కనిపించినంత దూరం చూస్తాను కూడా.